చలికాలపు సత్తువ: మేడ్చల్–షామీర్‌పేట నేపథ్యంలో రోగనిరోధక భావన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

చలికాలం వచ్చిందంటే రోగనిరోధక శక్తిని పెంచుకోవాలనే మాట పత్రికల్లోనూ ప్రకటనల్లోనూ విరివిగా వినిపిస్తుంది. చలికాలం శరీరాన్ని బలహీనపరుస్తుందన్న ఊహ ఈ మాటకు ఆధారం. ప్రాచీన వైద్యగ్రంథాలు మాత్రం హేమంత శిశిరాలను దేహబలం అధికంగా ఉండే ఋతువులుగా పేర్కొన్నాయి. ఈ రెండు దృక్పథాల మధ్య దూరం ఎలా ఏర్పడిందో, ఆ క్రమంలో తెలంగాణ ప్రజల ఆహారం, గ్రామదేవతారాధన, అంటువ్యాధుల అనుభవం, పోషకాహార పరిశోధన, టీకా పరిశ్రమ ఏ పాత్ర వహించాయో గుండ్లపోచంపల్లి పరిసర ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: హేమంతచర్య, వ్యాధిక్షమత్వం, సత్తువ, పోచమ్మ, 1918 ఇన్‌ఫ్లుయెంజా, పోషకాహారం, షామీర్‌పేట, టీకా

1. ఉపోద్ఘాతం

గుండ్లపోచంపల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, హైదరాబాదు నగరానికి ఉత్తరపు అంచున ఉన్న ఊరు. సికింద్రాబాదు నుంచి మన్మాడు వైపు సాగే రైలుమార్గం మీద ఈ ఊరికి ఒక స్టేషను ఉంది. 2018లో ఇది పురపాలక సంఘంగా మారింది. దుస్తుల తయారీ పార్కు వచ్చింది, నగరం దగ్గరయింది, పొలాలు ప్లాట్లయ్యాయి. ఉత్తరాన మేడ్చల్ పక్కనే ఉన్న అత్వెల్లిలో శాంతా బయోటెక్నిక్స్ టీకాల కర్మాగారం, తూర్పున షామీర్‌పేట దాటితే తుర్కపల్లి పరిసరాల్లో జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. దేశవిదేశాలలో శిశువులకు వేసే టీకాలలో గణనీయమైన భాగం ఈ చుట్టుపక్కల నుంచే బయలుదేరుతుంది.

ఊరి పేరులో ‘పోచం’ ఉంది. తెలంగాణలో పోచంపల్లి, పోచారం, పోచమ్మగూడెం వంటి ఊరిపేర్లు తక్కువేమీ కావు. ‘పోచం’ అనే పురుషనామం నుంచి ఊరిపేరు వచ్చిందని వాదించినా పెద్ద తేడా రాదు. ఆ పురుషనామానికీ మూలం పోచమ్మ తల్లే. పోచమ్మ మశూచికి అధిదేవత. అంటే వ్యాధిని ఎదుర్కొనే శక్తి అనే భావనకు సంబంధించిన పాత రూపం ఈ ఊరి పేరులోనూ, కొత్త రూపం ఊరి పొలిమేరకు కొద్ది దూరంలోని కర్మాగారాలలోనూ ఉన్నాయి. నడుమ ఉన్నదే ఈ వ్యాసానికి విషయం.

2. మాటల చరిత్ర

‘రోగనిరోధక శక్తి’, ‘వ్యాధినిరోధక శక్తి’ అనే సమాసాలు ఆధునిక వైద్యం తెలుగులోకి వచ్చిన తరువాత నిర్మించుకొన్న పారిభాషిక పదాలు. వీటికి మూలమైన ‘ఇమ్యూనిటీ’ అనే మాట లాటిను నుంచి వచ్చింది. రోమను న్యాయవ్యవస్థలో పన్నుల నుంచి, ప్రజాసేవా బాధ్యతల నుంచి లభించే మినహాయింపును అది సూచించేది. 19వ శతాబ్ది చివరి దశకాలలో ఏలీ మెచ్నికాఫ్, పాల్ ఎర్లిక్ వంటి శాస్త్రవేత్తల పరిశోధనలతో ఆ న్యాయపదం జీవశాస్త్ర పదంగా స్థిరపడింది. వారిద్దరికీ 1908లో నోబెల్ బహుమతి లభించింది. ‘నిరోధం’ అనే తెలుగు పదంలో యుద్ధ ధ్వని ఉంది. మూలపదంలో ఉన్నది మినహాయింపు. అనువాదంలో జరిగిన ఈ చిన్న మార్పు పట్టించుకోదగినది. తెలుగు పాఠకుడికి రోగనిరోధక శక్తి అనగానే కోట, సైన్యం, శత్రువు వంటి ఊహలే కలుగుతాయి.

అంతకుముందు వాడుకలో ఉన్న మాటలు వేరు. తెలంగాణ పల్లెల్లో ‘సత్తువ’, ఉర్దూ నుంచి వచ్చిన ‘తాకత్’, ‘ఒంట్లో బలం’, ‘తట్టుకునే శక్తి’ అంటారు. ఈ మాటలలో శత్రువు కనిపించడు. పని చేయగలగడం, ఎండకూ చలికీ ఓర్చుకోవడం, జ్వరం వచ్చినా త్వరగా లేచి తిరగడం ఒకే మాటలో ఇమిడి ఉంటాయి. రోగాన్ని ఎదుర్కోవడానికీ, నాగలి పట్టడానికీ కావలసింది ఒకే సత్తువ అని ఈ వాడుక చెబుతుంది.

సంస్కృత వైద్యగ్రంథాలలో దీనికి దగ్గరగా వచ్చే పదం ‘వ్యాధిక్షమత్వం’. చరకసంహిత సూత్రస్థానం 28వ అధ్యాయంలో ఈ చర్చ ఉంది. అన్ని శరీరాలూ వ్యాధిని ఓర్చుకోగల స్థితిలో ఉండవని చెబుతూ, మితిమీరి బలిసినవారు, మితిమీరి చిక్కినవారు, బలహీనులు, సరిపడని ఆహారంతో పెరిగినవారు, అల్పంగా తినేవారు, మనోబలం లేనివారు వ్యాధికి సులభంగా లొంగుతారని ఆ గ్రంథం వివరిస్తుంది. 11వ శతాబ్దికి చెందిన వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు ఈ పదానికి రెండు అర్థాలు చెప్పాడు. వచ్చిన వ్యాధి బలాన్ని ఎదిరించడం ఒకటి, వ్యాధి పుట్టకుండానే అడ్డుకోవడం రెండోది. ఆధునిక వైద్యం చేసే విభజనను ఇది తలపిస్తుంది కాబట్టి ‘మనవారికి అన్నీ ముందే తెలుసు’ అనే వ్యాసాలలో ఈ వాక్యం తరచుగా కనిపిస్తుంది. చక్రపాణికి సూక్ష్మజీవుల ఊహ లేదు, తెల్లరక్తకణాల ఊహ లేదు. ఆ పోలికను అంతదూరం లాగనవసరం లేదు. పట్టించుకోవలసినది మూలంలోని జాబితాను. అందులో ‘అల్పంగా తినేవారు’ ఉన్నారు. ఆకలికీ వ్యాధికీ సంబంధం ఉందన్న గుర్తింపు అక్కడ స్పష్టంగా ఉంది.

3. హేమంతం బలహీనతా ఋతువా?

చరకసంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయం, వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానం మూడవ అధ్యాయం ఋతుచర్యను వివరిస్తాయి. సంవత్సరాన్ని ఆదాన, విసర్గ కాలాలుగా విభజించి, గ్రీష్మ వర్షాలలో దేహబలం అల్పమనీ, వసంత శరత్తులలో మధ్యమమనీ, హేమంత శిశిరాలలో ఉత్తమమనీ ఆ గ్రంథాలు చెబుతాయి. చలివల్ల శరీరంలోని వేడి బయటికి పోక లోపలే నిలిచి జఠరాగ్ని ప్రబలమవుతుందని వాటి వివరణ. కాబట్టి మార్గశిర పుష్యమాసాలు ఒంటిని నిర్మించుకోవలసిన కాలం. కొత్త బియ్యం, గోధుమలు, మినుములు, పాలు, బెల్లం, చెరకు, నూనెలు, మాంసం తినమనీ, ఒంటికి నూనె మర్దించుకొని వ్యాయామం చేయమనీ, గోరువెచ్చని నీరు వాడమనీ, ఎండను తగుమాత్రంగా సేవించమనీ విధించారు.

నేటి ప్రచారం దీనికి తలకిందులు. చలికాలంలో శక్తి తగ్గుతుంది, దానిని పెంచుకోవాలి అని అది మొదలవుతుంది. విచిత్రమేమంటే ఆ ప్రచారమే తన ఔషధాల కోసం ఆ గ్రంథాల పేర్లనే ఉదహరిస్తుంది.

చరకుడు మరొక మాట కూడా చెప్పాడు. ప్రబలంగా ఉన్న అగ్నికి తగిన ఇంధనం అందకపోతే అది శరీరంలోని రసధాతువునే దహిస్తుందట. హేమంతం బలాన్ని ఇస్తుంది, కానీ తిండి ఉన్నవారికి. లేనివారికి అదే ఋతువు ఒంటిని తినేస్తుంది. ఋతుచర్యను గూర్చిన వ్యాసాలలో ఈ రెండో భాగం దాదాపుగా ఎక్కడా కనిపించదు. ఈ వ్యాసం దృష్టిలో అదే ముఖ్యభాగం.

విధించిన ఆహారం ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. నెయ్యి, మాంసం, చెరకు రసం, పట్టుబట్టలు, లోగిలి లోపలి వెచ్చని గది అందుబాటులో ఉన్నవారిని ఉద్దేశించిన శాస్త్రమిది. హాలుని గాథాసప్తశతిలోని చలికాలం వేరు. అందులో మాఘమాసపు చలిలో కప్పుకొనే వస్త్రాన్ని అమ్మి ఎద్దును కొనుక్కొన్న రైతు కనిపిస్తాడు. రెండువేల ఏళ్ళ కిందటి దక్కను రైతు చలిని ఎలా లెక్కగట్టాడో తెలుసుకోవడానికి వైద్యగ్రంథం కన్నా ఆ ప్రాకృత గాథ మేలైన ఆధారం. కావ్యాల నుంచి జనజీవితాన్ని ఏరుకొనే ఈ పద్ధతిని తెలుగులో స్థిరపరచినది సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. ఆహార చరిత్రకు సంబంధించి దానిని మించిన ప్రారంభస్థానం ఇంకా లేదు.

4. వంటింట్లోని ఋతుచర్య

శాస్త్రం సామాన్యుడికి చేరిన దారి గ్రంథం కాదు, పండుగ. కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ, ధనుర్మాసంలో తెల్లవారకముందే పులగం, సంక్రాంతికి నువ్వులూ బెల్లమూ, భోగినాడు పిల్లల తలమీద రేగుపండ్లు, రథసప్తమినాడు జిల్లేడాకులతో సూర్యుడికి ఎదురుగా స్నానం. ఉసిరి, రేగు సి విటమిన్ గల పండ్లు. రథసప్తమి ఎండలో నిలబెట్టే పండుగ. హేమంతంలో రాత్రులు దీర్ఘం కావడంవల్ల తెల్లవారగానే ఆకలి వేస్తుందని వాగ్భటుడు రాశాడు. ధనుర్మాసపు వేకువ నైవేద్యం ఆ ఆకలికి సరిగ్గా సరిపోతుంది. ఒకటి మరొకదాని నుంచి పుట్టిందనడం తొందరపాటు. పంట చేతికొచ్చే కాలమూ, ఆకలి పెరిగే కాలమూ ఒకటే కావడం ఇందుకు చాలినంత కారణం.

తెలంగాణ ప్రత్యేకత సకినాలలో కనిపిస్తుంది. బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపి, బట్టమీద చేతివేళ్ళతో చుట్లు చుట్టి నూనెలో వేయించే ఈ పిండివంట సంక్రాంతికి ఇంటింటా జరుగుతుంది. పంచుకోవడానికి తప్ప ఒక్కరి కోసం ఎవరూ సకినాలు చేయరు. నువ్వులలో 100 గ్రాములకు 1450 మిల్లీగ్రాముల సున్నం ఉన్నట్టు జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పాత పట్టికలు చెబుతాయి. పాలలో ఉన్నదానికి ఇది పదిరెట్ల కన్నా ఎక్కువ. నువ్వులు కలిపి చేసిన సజ్జరొట్టె, జొన్నరొట్టె, పుంటికూర, చిక్కుడుకాయ, ఉసిరికాయ తొక్కు చలికాలపు కంచంలో ఉండేవి. హైదరాబాదు నగరంలో తెల్లవారుజామున అమ్మే నహారీ, పాయా కూడా ఈ చలికాలపు ఆహారంలోని భాగాలే. యునానీ వైద్యం శరీరానికి సహజంగా ఉండే ‘తబియత్’నే మొదటి వైద్యుడిగా భావిస్తుంది. గాలి, అన్నపానాలు, కదలిక–విశ్రాంతి, నిద్ర–మెలకువ, మనసులోని చలనం, విసర్జన అనే ఆరు విషయాలను సరిచేసుకొంటే తబియత్ తన పని తాను చేసుకుంటుందన్నది ఆ శాస్త్రం. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రి ఈ సంప్రదాయానికి నిలయం. తెలంగాణ వాడుకలో ‘తబియత్ బాగలేదు’ అన్న మాట ఈ వైద్యభావన నుంచి వచ్చినదే.

5. పోచమ్మ: ఒంటి రక్ష కాదు, ఊరి రక్ష

పైన చెప్పినదంతా వ్యక్తి శరీరానికి సంబంధించినది. మశూచి, కలరా వంటి వ్యాధులు ఊరిమీద పడినప్పుడు వ్యక్తి సత్తువ చాలదని గ్రామసమాజానికి తెలుసు. అందుకే పొలిమేర మీద దేవత వెలసింది. వ్యాధి వచ్చిందనకుండా ‘అమ్మవారు పోసింది’ అనడం, రోగి పక్కన వేపమండలు ఉంచడం, ఆ ఇంటికి బయటివారి రాకపోకలు ఆపడం, తగ్గిన తరువాత పసుపు వేపాకు నీళ్ళతో స్నానం చేయించడం ఆరాధనలో భాగాలు. ఇందులో రోగిని వేరుచేసి ఉంచే పద్ధతి ఉంది. దానిని శిక్షగా కాక గౌరవంగా భావించే మర్యాద కూడా ఉంది.

బోనాలు ఆషాఢంలో జరుగుతాయి. అంటే గ్రామం భయపడిన కాలం వర్షాకాలం, చలికాలం కాదు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి ఆలయ సంప్రదాయం 1813 నాటి కలరాతో ముడిపడి ఉంది. ఉజ్జయినిలో ఉన్న సైనిక బృందానికి చెందిన సురిటి అప్పయ్య, జంటనగరాలలో వ్యాధి శాంతిస్తే అమ్మవారిని ఇక్కడ ప్రతిష్ఠిస్తానని మొక్కుకొన్నాడని ఆ కథ. దక్కను పల్లెల భయాల పంచాంగం ప్రాచీన ఋతుచర్యతో ఈ విషయంలో ఏకీభవిస్తుంది. వర్షాలలో బలం తక్కువ, రోగం ఎక్కువ.

మశూచికి విరుగుడుగా జెన్నర్ టీకా 1802లో బొంబాయి చేరింది. బొట్టు, గుర్తు అనే అర్థంగల ‘టీకా’ అనే ఉత్తరాది మాట తెలుగులో ఈ అర్థంతోనే స్థిరపడింది. ప్రతిపదార్థానికి ‘టీక’ అనే పేరున్న భాషలో ఇది కాస్త చమత్కారంగానే ఉంటుంది. అమ్మవారి ఉగ్రానికి అడ్డుపడితే ఊరికి కీడన్న భయంతో టీకాను వ్యతిరేకించినవారూ, టీకా వేయించుకొని వచ్చి పోచమ్మకు బోనం ఎత్తినవారూ ఇద్దరూ ఉన్నారు. రెండోవారిని మూఢులుగా చిత్రించడం తేలిక. వారి దృష్టిలో ఒకటి ఒంటికి, మరొకటి ఊరికి. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో నమోదయింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి లేదని ప్రకటించింది. పోచమ్మ గుళ్ళు మాత్రం మూతపడలేదు.

6. చలికాలం భయంగా మారిన కాలం: 1896–1921

చలికాలం రోగాల ఋతువుగా దక్కను ప్రజల మనసులో నాటుకోవడానికి ప్లేగు ప్రధాన కారణం కావచ్చు. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు రైలుమార్గాల వెంట లోపలికి పాకింది. ఎలుకల మీది గోమార్లు ఎండకు తగ్గి చల్లని వాతావరణంలో వృద్ధి చెందుతాయి. అందువల్ల దక్కనులో ప్లేగు చలికాలంలో విజృంభించి వేసవిలో సద్దుమణిగేది. గుండ్లపోచంపల్లి మీదుగా వెళ్ళే హైదరాబాదు–గోదావరి లోయ రైలుమార్గం ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికల్లా నగరాన్ని మన్మాడుతో, అక్కడి నుంచి బొంబాయితో కలిపింది. ధాన్యం, పత్తి, ప్రయాణికులు వచ్చిన దారిలోనే ఎలుకలూ వచ్చాయి. 1908 మూసీ వరద, 1911 ప్లేగు హైదరాబాదు నగర స్వరూపాన్ని మార్చిన రెండు విపత్తులు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి గాలి వెలుతురు వచ్చే ఇళ్ళను కట్టడం మొదలుపెట్టింది. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి పూర్వరూపమైన క్వారంటైన్ ఆసుపత్రి కూడా ఆ కాలపు అవసరం నుంచి పుట్టినదే. వాల్డెమార్ హాఫ్‌కిన్ 1897 జనవరిలో తన మీదే ప్రయోగించుకొన్న ప్లేగు టీకా అప్పటికే అందుబాటులో ఉంది. అయినా జనం నమ్ముకొన్న రక్షణ ఊరు ఖాళీ చేసి పొలాలలో గుడిసెలు వేసుకోవడమే. ఎలుకలకు దూరం కావడం కాబట్టి అది పనిచేసింది కూడా.

1918లో వచ్చింది ఇన్‌ఫ్లుయెంజా. జూన్‌లో బొంబాయిలో తేలికగా మొదలై, సెప్టెంబరు తరువాత రెండో విడతలో ప్రాణాంతకమై, అక్టోబరు నవంబరు నెలలలో దక్కనును ఊడ్చుకుపోయింది. దేశంలో మరణాలు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల వరకు ఉంటాయని జనాభా చరిత్రకారుల అంచనా. ఆ ఏడాది నైరుతి వర్షాలు విఫలమయ్యాయి. యుద్ధంవల్ల ధరలు పెరిగాయి. చరకుడు చెప్పిన ఇంధనం లేని అగ్ని అనే పోలిక ఇక్కడ ఉపమానం కాదు, వాస్తవం. చలి మొదలయ్యే వేళకు గాదెలు ఖాళీగా ఉన్నాయి.

బొంబాయి నగరపు లెక్కలు ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తాయి. అక్కడ ఆనాటి అధికారుల వర్గీకరణ ప్రకారం నిమ్నకులాల హిందువులలో వేయికి 61.6 మంది, ఇతర హిందువులలో వేయికి 18.9 మంది, యూరోపియనులలో వేయికి 8.3 మంది మరణించారు. సూక్ష్మజీవి ఒకటే, నగరం ఒకటే, ఋతువు ఒకటే. ఈ మూడు సంఖ్యల మధ్య తేడా కూలి, ఇల్లు, తిండి, నీళ్ళలోని తేడా. రోగనిరోధక శక్తిని గురించి మాట్లాడే ఏ గ్రంథమైనా ఈ మూడు సంఖ్యలతో మొదలుకావడం న్యాయం.

హైదరాబాదు సంస్థానం జనాభా 1911లో 1 కోటి 33 లక్షల 74 వేలు. 1921లో 1 కోటి 24 లక్షల 71 వేలు. పదేళ్ళలో పెరగవలసిన జనాభా తొమ్మిది లక్షలు తగ్గింది. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా, కరువు మూడూ కలిసి తీసుకుపోయిన మనుషులు వీరు. వారిలో అత్యధికుల పేర్లు ఏ శాసనంలోనూ, ఏ కావ్యంలోనూ లేవు.

7. కూనూరు నుంచి తార్నాకకు

ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన ఏడాదే, 1918లో, నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం చిన్న ప్రయోగశాలను ప్రారంభించాడు. దేశంలోని వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకలకు పెట్టి ఆయన చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలతో కూడిన పంజాబు సిక్కుల ఆహారం తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. పాలిష్ బియ్యం ప్రధానంగా గల ఆహారం తిన్నవి చిక్కిపోయి సులభంగా రోగాల పాలయ్యాయి. ‘ఒంట్లో బలం’ అనే వాడుకమాటకు ప్రయోగశాల సాక్ష్యం అలా దొరికింది.

ఆ ప్రయోగశాలే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొంది. సి. గోపాలన్, బి.వి. రామశాస్త్రి, ఎస్.సి. బాలసుబ్రమణియన్ రూపొందించిన భారతీయాహారాల పోషకవిలువల పట్టిక 1971లో వెలువడింది. ఏ విటమిన్ ఎంత అన్న ప్రశ్నకు దశాబ్దాలపాటు దేశమంతా ఆ పుస్తకాన్నే తెరిచింది. ఎ విటమిన్ లోపంవల్ల పిల్లలు చూపు కోల్పోవడాన్ని అరికట్టడానికి ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల మోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో ఈ సంస్థ పరిశోధనల ఆధారంగానే మొదలైంది. దాదాపు ఆ కాలంలోనే, 1968లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన స్క్రిమ్‌షా, టేలర్, గోర్డన్‌ల గ్రంథం పోషణలోపమూ అంటువ్యాధీ ఒకదానినొకటి పెంచుకొంటాయని నిరూపించింది. తిండిలేనివాడికి రోగం వస్తుంది. రోగం వచ్చినవాడు తినలేడు, తిన్నది ఒంటబట్టదు. రెండూ కలిసి చేసే హాని విడివిడిగా చేసే హానుల మొత్తం కన్నా ఎక్కువ.

ఇదే కాలంలో తెలంగాణ కంచం మారిపోయింది. బోరుబావులూ కాలువలూ వచ్చి వరి విస్తరించింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం ఆకలిని తగ్గించింది. అందులో సందేహం లేదు. అయితే సజ్జ, జొన్న పొలాల నుంచీ కంచాల నుంచీ తప్పుకొన్నాయి. వానాధార భూముల్లో పండి, చలికాలమంతా ఇంట్లో ఉండే గింజ అది. సజ్జలలో మాంసకృత్తులు బియ్యంలో కన్నా హెచ్చు, ఇనుము ఎన్నో రెట్లు హెచ్చు. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళల సంఘాలు బీడుభూములను సాగుచేసి, జొన్నలతో తమదైన చౌకదుకాణ పద్ధతిని నడిపాయి. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపేనాటికి అవే గింజలు నగరపు అంగళ్ళలో ఆరోగ్యాహారమై, వాటిని పండించిన ఇళ్ళకు అందని ధరకు చేరాయి.

8. కొనుక్కొనే శక్తి

2020 మార్చి 31న ఆయుష్ మంత్రిత్వశాఖ ఒక సూచన జారీచేసింది. గోరువెచ్చని నీరు, పసుపు, జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి, పసుపుపాలు, చ్యవనప్రాశ, అరగంట యోగాభ్యాసం అందులో ఉన్నాయి. ఇవి కోవిడ్‌కు చికిత్స కాదనీ, సాధారణ ఆరోగ్య రక్షణకేననీ చెప్పినా, అంగడికి ఆ భేదం అక్కరలేకపోయింది. కషాయం పొట్లాలు, బిళ్ళలు, పానీయాలు, చివరికి వంటనూనెలు, రొట్టెలు కూడా ‘ఇమ్యూనిటీ’ పేరుతో అమ్ముడయ్యాయి. చ్యవనప్రాశ చరకసంహితలో రసాయన ప్రకరణంలోనిది. నియమిత జీవనంతో దీర్ఘకాలం సేవించవలసిన ఔషధం. దానిని డబ్బా కొనడంతో సరిపోయే వస్తువుగా మార్చడం శాస్త్రం చేసిన పని కాదు.

ఆ వేసవిలోనే మేడ్చల్ మీదుగా ఉత్తరానికి సాగే 44వ జాతీయ రహదారి వెంట వలసకూలీలు బీహారు, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ వైపు కాలినడకన బయలుదేరారు. నగరాన్ని కట్టినవారూ, కర్మాగారాలలో పనిచేసినవారూ వారిలో ఉన్నారు. రోగనిరోధక శక్తిని పెంచుకోమనే సందేశం దేశమంతా మోగుతున్న వేళ రోడ్డు మీద వారికి అవసరమైనది అన్నం, నీళ్ళు, నీడ. ఆ మూడింటినీ దారి పొడవునా సామాన్య జనమే కొంతవరకు సమకూర్చారు. ‘శక్తిని పెంచుకోవడం’ వ్యక్తి బాధ్యతగా మారినప్పుడు లెక్కలోకి రాకుండా పోయేవారెవరో ఆ రహదారి చూపింది. చరకుని జాబితాలోని అల్పాహారులు వారే, బొంబాయి పట్టికలోని 61.6 కూడా వారే.

తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తుంది. ఏ ప్రకటనలోనూ దీనిని రోగనిరోధక శక్తి కార్యక్రమం అనరు. పుట్టబోయే శిశువు మొదటి చలికాలాన్ని దాటడానికి అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉండటం అరుదు.

9. షామీర్‌పేట టీకా, చలికాలపు విరేచనాలు

హైదరాబాదు ఉత్తరపు అంచు టీకాల కేంద్రంగా మారడం 1990లలో మొదలైంది. వరప్రసాదరెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్–బి టీకాను దేశీయంగా తయారుచేసి విడుదల చేసింది. దిగుమతి టీకా ధర సామాన్యుడికి అందనంత ఎత్తులో ఉన్న కాలమది. 1996లో కృష్ణ ఎల్ల, సుచిత్ర ఎల్ల స్థాపించిన భారత్ బయోటెక్ తుర్కపల్లిలో వెలసింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసిన వైరస్‌తో అక్కడ తయారైన కోవాక్సిన్‌కు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి లభించింది. మూడో దశ పరీక్షల ఫలితాలు వెలువడకముందే ఇచ్చిన ఆ అనుమతి శాస్త్రవేత్తలలో చర్చకు దారితీసిందన్నదీ చరిత్రలో భాగమే.

ఈ వ్యాసానికి సంబంధించినంతవరకు కోవాక్సిన్ కన్నా రోటావాక్ ముఖ్యమైనది. రోటా వైరస్ చిన్నపిల్లలలో తీవ్రమైన నీళ్ళవిరేచనాలను కలిగిస్తుంది. విరేచనాలంటే వానాకాలపు జబ్బని గ్రామస్మృతి చెబుతుంది. కలరా విషయంలో అది నిజం. రోటా వైరస్ మాత్రం మనదేశంలో చల్లని, పొడి నెలలలో, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, ఎక్కువగా విజృంభిస్తుంది. బోనాల పంచాంగంలోనూ ఋతుచర్యలోనూ చోటులేని చలికాలపు శిశురోగం ఇది.

ఢిల్లీలో నవజాతశిశువుల నుంచి వేరుచేసిన వైరస్ రకంతో భారత్ బయోటెక్ రోటావాక్‌ను తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన మూడో దశ పరీక్ష ఫలితాలు 2014లో ప్రచురితమయ్యాయి. తీవ్రమైన రోటా విరేచనాల నుంచి టీకా ఇచ్చిన రక్షణ సుమారు 54 శాతం. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో రోటా టీకా ప్రవేశించిన తొలి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

54 శాతం అంటే వేలాది ప్రాణాలు. దానిని తక్కువ చేయడానికి లేదు. అయితే ఐరోపాలో రోటా టీకాలు తీవ్రమైన వ్యాధి నుంచి 85 శాతానికి మించి రక్షణ ఇచ్చాయి. ఇది భారతీయ టీకా లోపం కాదు. ఐరోపాలో అంత బాగా పనిచేసిన విదేశీ టీకాలు కూడా ఆఫ్రికా, దక్షిణాసియా దేశాలలో ఇదే స్థాయికి పడిపోయాయి. నోటిద్వారా ఇచ్చే టీకా పేగుల గోడమీద పనిచేయాలి. తల్లి నుంచి అందిన ప్రతిరక్షకాలు, అదే సమయంలో ఇచ్చే పోలియో చుక్కలు వంటి కారణాలతో పాటు కలుషితమైన నీరు, పదేపదే వచ్చే విరేచనాలు, పోషణలోపం ఆ గోడను దెబ్బతీస్తాయని పరిశోధకులు భావిస్తున్నారు. తుర్కపల్లిలో తయారై శీతల పెట్టెలో బయలుదేరిన చుక్క ఐదు బొట్లు ఏ బస్తీలోని శిశువు నోట్లో పడ్డా, ఎంతవరకు పనిచేస్తాయన్నది ఆ ఇంటి నీటి కుళాయి మీదా, గర్భంతో ఉన్నప్పుడు ఆ తల్లి తిన్నదాని మీదా కొంత ఆధారపడి ఉంటుంది.